దసరా నాడు పెట్టిన ఫ్లాపీ

తుల్సీరాం చేతివేళ్లు చూసినవాళ్లెవరూ అతను కంప్యూటర్ ఆపరేటరంటే నమ్మేవాళ్లు కాదు. ఎడమచేతి వేళ్ల కొసలన్నీ సూదిపోట్లతో గట్టిపడి, నల్లబడి ఉండేవి. ఏసీ గదిలో కూర్చుని మీటలు నొక్కుకునేవాడికి ఆ వేళ్లెందుకని అడిగేవాళ్లకు నేనే సమాధానం చెప్పేవాణ్ని. ఆ సూదులిచ్చింది నేనే కాబట్టి.

బూర్గంపాడు అవతల, అడవి మొదలయ్యేచోట ఒక ట్రస్టు దవాఖానా ఉండేది. అందులో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఇరవై రెండేళ్లు రక్తం, ఉచ్చ, కఫం చూసి బతికినవాణ్ని. 1990లో ఎవరో దాత కంప్యూటర్ ఇచ్చాడు. దాన్ని చూసుకోవడానికి పెనుబల్లి దగ్గరి తండా నుంచి డిప్లొమా చదివిన తుల్సీరాం వచ్చాడు. బక్కపల్చటి లంబాడా కుర్రాడు, మొహం నిండా భయం. వారం తిరక్కుండానే ఆ భయం మాకు పట్టుకుంది. చెప్పులు బయట విడవాలి, టీ గ్లాసు లోపలికి తేకూడదు, తడిచేతులతో ముట్టకూడదు, బయటి ఫ్లాపీ గడప దాటకూడదు. పెద్ద డాక్టరమ్మ కూడా గుమ్మంలో నిలబడి పిలిచేది.

"గుడికన్నా నీ గదికే మడి ఎక్కువైందయ్యా" అన్నాను ఒకసారి.

"గుళ్లె దేవునికి ఏం గాదు సార్. దీనికి అయితది" అన్నాడు, నవ్వకుండా.

ఆ కంప్యూటర్లో మందుల స్టాకు, స్టాఫు హాజరు లాంటివి చాలానే ఉండేవి. కానీ తుల్సీరాం ప్రాణమంతా ఒక్క లిస్టు మీద ఉండేది. మాకు బ్లడ్ బ్యాంకు లేదు. కాన్పులో రక్తం పోతున్న ఆడమనిషి వస్తే, ఆ గ్రూపు మనిషిని అప్పటికప్పుడు వెతికి తేవాల్సిందే. అందుకని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, ఎవరిది ఏ గ్రూపో చూసి కంప్యూటర్లో ఎక్కిద్దామని అతనే డాక్టరమ్మను అడిగాడు. తను చేసిన ప్రోగ్రాం అది. గ్రూపు కొడితే చాలు, ఊరి పేర్లతో సహా మనుషుల పేర్లు వరసగా పడేవి.

ఆదివారాలు నేనూ అతనూ సైకిళ్ల మీద పోయేవాళ్లం. కోయ గూడేల్లో మొదట ఎవరూ చెయ్యి చాపేవాళ్లు కాదు. నెత్తురూ పేరూ కలిపి ఊరు దాటిపోతే, ఎవడి చేతిలో పడి ఏమవుతుందోనని భయం. వాళ్ల భయాన్ని నేను వెక్కిరించాను. తుల్సీరాం వెక్కిరించలేదు. గూడెం పెద్ద భద్రయ్య ముందు కూర్చుని, నా చేతిలోని సూది తీసుకుని ముందు తన వేలే పొడుచుకున్నాడు. "నాది ముందు రాస్తున్న పెద్దాయనా. నా పేరు కింద మీ పేర్లు. నాకు ఏమన్నైతెనే మీకైతది" అన్నాడు.

భద్రయ్య ఆ నెత్తురు చుక్క వంక చూశాడు. "రాసుకొని ఏం జేస్తరు?"

"మీ ఇంట్ల ఎవరికన్న కష్టమొస్తే ఆ మిషినే మనిషి పేరు చెప్తది. మీరు ఏ గ్రూపో యాద్ పెట్టుకునే పనిలేదు. అది యాద్ పెట్టుకుంటది."

భద్రయ్య తల ఊపాడు. గూడెమంతా చెయ్యి చాపింది. ఆ మాటే తర్వాత అతని మెడకు చుట్టుకుంటుందని ఆ రోజు ఎవరికి తెలుసు! అప్పటినుంచి ప్రతి ఊళ్లో, మొదటి ఇంటి ముందు తన వేలు పొడుచుకోవడం అతనికి ఆచారమైపోయింది. ఐదేళ్లలో రెండువేల ఆరువందల పేర్లు ఎక్కాయి. అందులో ఓ నెగెటివ్ వాళ్లు తొమ్మిదిమందే. ఆ తొమ్మిది పేర్లూ అతనికి మేనమామల పేర్లంత బాగా తెలుసని మేం వేళాకోళం చేసేవాళ్లం. కంఠస్థం చెప్పమంటే మాత్రం తల అడ్డంగా ఊపేవాడు. "నా బుర్ర మీద నమ్మకం పెట్టొద్దు సార్. లిస్టు చూడుండ్రి" అనేవాడు.

లిస్టుకు నకళ్లు తీయడంలో అతనికి మించినవాడు లేడు. ప్రతి శనివారం రెండు సెట్ల ఫ్లాపీలు. ఒకటి డాక్టరమ్మ బీరువాలో, ఒకటి తండాలో అతని భార్య ద్వాలి పెళ్లినాటి ట్రంకుపెట్టెలో. దవాఖానా తగలబడ్డా గోదారి పొంగి మునిగినా తండాలోది ఉంటుందని లెక్క. మూడు నెలలకోసారి కొత్త లిస్టు అచ్చు తీసి నా ల్యాబు గోడకు తగిలించేవాడు. పాతది క్యాంటీన్‌కు పోయి మిరపకాయ బజ్జీల పొట్లమయ్యేది. మొదట రాసుకున్న చీటీలు ఎప్పుడో చెదలు తినేశాయి. కంప్యూటర్లో ఉన్నాయి గదా అని ఎవరం బాధపడలేదు.

అతనికి ఒకే ఒక్క పోరు ఉండేది, మేనేజర్ వెంకటరామారావుతో. వైరస్‌ను పట్టే ఫ్లాపీ ఒకటి హైదరాబాద్ నుంచి తెప్పించాడు. దాన్ని మూడు నెలలకోసారి కొత్తది మార్చాలి, ఎందుకంటే కొత్త వైరస్‌లు పుడుతూనే ఉంటాయి. మేనేజర్‌కు అది ఎంతకీ తలకెక్కలేదు.

"నిరుడు కొన్నది ఉంది కదయ్యా. అరిగిపోయిందా?"

"అరగలే సార్. అది నిరుటి జ్వరానికి మందు. ఇప్పుడు జ్వరాలు వేరే వచ్చినయ్."

"మన కంప్యూటర్‌కు జ్వరం వచ్చిందా?"

"రాలే సార్."

"రానప్పుడు మందెందుకు?"

ఈ సంభాషణ ఏడాదిపాటు, నెలకోసారి జరిగింది. తుల్సీరాం అర్జీ రాసేవాడు, ఆయన దానిమీద 'చూద్దాం' అని రాసేవాడు. గోడకు ఏటేటా సున్నం ఎందుకు వేయిస్తున్నారు సార్ అని కూడా ఒకసారి అడిగాడట. సున్నం కనపడుతుందయ్యా అన్నాడట ఈయన. చెప్పుకుని నవ్వుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక నా సంగతి.

1995 దసరాకు నెల రోజుల ముందు నా కూతురికి కొడుకు పుట్టాడు. మా ఊరి పంతులు లెక్క కట్టి మూలా నక్షత్రం, తండ్రికి గండం అన్నాడు. ఇంకో పంతులు, మూల దాటిపోయింది, పూర్వాషాఢ వచ్చింది, ఏ దోషమూ లేదన్నాడు. అల్లుడి తల్లి మొదటాయన మాటే పట్టుకుంది. పిల్లాడి మొహం తన కొడుకు చూడడానికి వీల్లేదని కబురు పెట్టింది. ఇంట్లో ఏడుపులు. అప్పుడు మధిర నుంచి మా బావమరిది ఒక ఫ్లాపీ పట్టుకుని దిగాడు. జాతకం చెప్పే ఫ్లాపీ. ఆ రోజుల్లో కంప్యూటర్ జాతకమంటే పంతుళ్లు కూడా నోరు మూసుకునేవాళ్లు. మిషన్‌కు పక్షపాతం ఉండదు గదా!

దసరా నాడు దవాఖానాలో ఆయుధపూజ. జీపుకు, స్టెరిలైజర్‌కు, నా మైక్రోస్కోపుకు బొట్లు పెట్టాం. తుల్సీరాం కంప్యూటర్‌కు బంతిపూల దండ వేసి, కుంకుమ పొడి కూడా రాలకుండా తడిబొట్టు పెట్టాడు. అందరూ ప్రసాదం తిని వెళ్లిపోయాక నేను గుమ్మంలో నిలబడి ఫ్లాపీ చూపించాను.

"బయటిది పెట్టను సార్" అన్నాడు.

"అయిదు నిమిషాల పనయ్యా."

"ఇయ్యాల పనిముట్టును ముట్టరాదు గూడ."

నేను పిల్లాడి సంగతి చెప్పాను. కూతురి ఏడుపు చెప్పాను. అతను తల వంచుకుని విన్నాడు, కానీ చెయ్యి చాపలేదు. అప్పుడు అడిగాను.

"ద్వాలి బాగుందా?"

ఎందుకు అడిగానో నాకు తెలుసు. అతనికీ తెలుసు. మూడేళ్ల కింద కాన్పులో ద్వాలి ఇదే దవాఖానాలో చావుబతుకుల్లో ఉంటే, రక్తమిచ్చింది నేను. ఇద్దరిదీ బీ పాజిటివ్. ఆ రోజు మొదలు ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తనివాణ్ని, ఆ రోజు ఎత్తకుండానే ఎత్తాను. అంత నీచమైన పని నా జన్మలో ఇంకోటి చేయలేదు.

తుల్సీరాం ఆ బంతిపూల దండ పక్కకు జరిపాడు. "ఇయ్యుండ్రి సార్" అన్నాడు.

గుడ్డిగా పెట్టలేదు. వైరస్ పట్టే ఫ్లాపీతో ముందు పరీక్ష చేశాడు. రెండుసార్లు చేశాడు. ఏమీ లేదని వచ్చింది. ఆ పరీక్ష చేసింది ఏడాది పాతది మరి. జాతకం అచ్చయింది. పూర్వాషాఢ, దీర్ఘాయుష్షు. నేను ఆ కాగితం పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. అల్లుడు వారంలో వచ్చి పిల్లాణ్ని ఎత్తుకున్నాడు.

ఇక జనవరి. పొద్దున పదిగంటలకు భద్రయ్య కూతురు జంపక్కను ఎడ్లబండిలో తెచ్చారు. గూడెంలో కాన్పు అయ్యింది, బిడ్డ బాగానే ఉంది, తల్లికి నెత్తురు ఆగడం లేదు. బండిలో పరిచిన గడ్డి మొత్తం తడిసిపోయింది. డాక్టరమ్మ రక్తం కావాలంది. నేను గ్రూపు చూశాను. ఓ నెగెటివ్.

తుల్సీరాం లిస్టు తీశాడు. పేర్లు పడ్డాయి. జీపు పరిగెత్తింది, గంటన్నరలో ముగ్గుర్ని తెచ్చింది. పలక మీద వాళ్ల నెత్తురు చుక్కలు పెట్టి మందు కలిపాను. మూడూ గడ్డకట్టాయి. ఒక్కటీ నెగెటివ్ కాదు. మందు పాడైందేమోనని ఇంకో సీసాలోది కలిపి చూశాను. మళ్లీ అంతే.

"ఇదేందయ్యా?" అన్నాను.

తుల్సీరాం మొహంలో చుక్క నెత్తురు లేదు. "మళ్ల పంపుదం సార్, దగ్గర్ల ఇంకిద్దరున్నరు" అన్నాడు. జీపు ఇంకో దిక్కుకు పోయింది.

ల్యాబు బయట గూడెంవాళ్లు నిలబడి ఉన్నారు. బండి తోలుకొచ్చిన బొజ్జయ్య అనే కుర్రాడు ముందుకొచ్చి చెయ్యి చాపాడు. "నాది సూడు సార్."

గ్రూపు చూసే మందు నా దగ్గర అడుగున కొంచెమే మిగిలింది. జీపులో వచ్చేవాళ్లకు కావాలి. నేను గోడకున్న లిస్టులో వేలు పెట్టి వెతికాను. బొజ్జయ్య, ఏ పాజిటివ్.

"నీది కాదు, పో. అడ్డం రాకు" అన్నాను.

అతను పోయి బండి దగ్గర కూర్చున్నాడు. జీపు రెండోసారి తెచ్చినవాళ్లదీ కలవలేదు. మధ్యాహ్నం మూడుకు ముందే జంపక్క చనిపోయింది. భద్రయ్య అరవలేదు, ఎవర్నీ తిట్టలేదు. బిడ్డను తువ్వాలులో చుట్టుకుని బండెక్కాడు. పోతూ పోతూ తుల్సీరాం వైపు చూశాడు. ఆ చూపు నా మీద కూడా పడుతుందని భయపడి నేను లోపలికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే తుల్సీరాం నన్ను సైకిల్ ఎక్కించాడు. కర్మ జరుగుతున్న గూడేనికి సూది పట్టుకుని పోవడమా అని నేను వెనకాడాను. అతను ముందు నడిచాడు, నేను వెనకే పోయాను. తన వేలు పొడుచుకుని నిలబడ్డాడు. ముందుగా చెయ్యి చాపింది బొజ్జయ్యే. పలక మీద అతని నెత్తురు నీళ్లలా సాఫీగా ఉండిపోయింది. గడ్డ లేదు. ఓ నెగెటివ్.

పొద్దున పది నుంచి మూడు దాకా బండి దగ్గర కూర్చున్నాడు ఆ మనిషి.

ఖమ్మం నుంచి కంప్యూటర్లు తెలిసిన ఒకాయన వచ్చి చూశాడు. లోపల వైరస్ ఉంది. అది ఏదీ చెరిపేసే రకం కాదు. లిస్టు రాసుకున్నప్పుడల్లా ఎక్కడో ఒకచోట రెండక్షరాలు తీసి, వాటిని అటూ ఇటూ మార్చి పెట్టే రకం. ఒకడి గ్రూపు ఇంకొకడి పేరు ముందుకు పోతుంది. మూడు నెలలుగా అలా మారుతూనే ఉంది. నా గోడమీద లిస్టు నిన్నగాక మొన్న అచ్చు తీసిందే. తుల్సీరాం ప్రతి శనివారం శ్రద్ధగా తీసిన నకళ్లు కూడా కుళ్లిన లిస్టుకు నకళ్లే. ద్వాలి ట్రంకుపెట్టెలోదీ అంతే. పాత ఫ్లాపీల మీదే కొత్తవి రాస్తాడు కాబట్టి దసరాకు ముందుది ఒక్కటీ మిగల్లేదు.

మేనేజర్ గదిలో విచారణ జరిగింది. డాక్టరమ్మ, మేనేజర్, ఖమ్మం ఆయన, తుల్సీరాం, నేను. గ్రూపులు చూసినవాణ్ని కాబట్టి నన్నూ పిలిచారు.

"లోపలి తేదీలు చూస్తే ఇది దసరా రోజున ఎక్కింది. సెలవు రోజు కంప్యూటర్‌ను ఎవరు వాడారు?" అన్నాడు ఖమ్మం ఆయన.

నేను నోరు తెరవాలి. తెరిచాననే ఇప్పటికీ కలలో అనుకుంటాను.

"నేనే సార్. నా సొంత పనికి బయటి ఫ్లాపీ పెట్టిన" అన్నాడు తుల్సీరాం.

"ఎవరిచ్చారు?"

"నాదే."

మేనేజర్ వెంకటరామారావు గట్టిగా నిట్టూర్చాడు. తన బల్ల సొరుగులో 'చూద్దాం' అని రాసిన పన్నెండు అర్జీలున్నాయి. వాటి సంగతి తుల్సీరాం ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. తుల్సీరాంను తీసేశారు.

బయటికొచ్చాక వేపచెట్టు కింద అతని చెయ్యి పట్టుకున్నాను. "మీ ఫ్లాపీయే గాని, పెట్టింది నా చెయ్యి గద సార్" అన్నాడు. తర్వాత, "బాబు మంచిగున్నడా?" అని అడిగాడు. నేను అడిగినట్టు కాదు. నిజంగానే అడిగాడు.

ఆ తర్వాత అతను తల్లాడలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. ఆదివారమొస్తే మాత్రం బస్సెక్కి మా వైపు వచ్చేవాడు. సైకిలు, ఒక లాంగ్‌బుక్కు, సూదులు. గ్రూపు చూసే మందు నేను ల్యాబు నుంచి ఎవరికీ తెలియకుండా ఐసు ఫ్లాస్కులో పెట్టి ఇచ్చేవాణ్ని. నాకున్న ధైర్యం అంతవరకే. ఊరూరా మళ్లీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాడు. మళ్లీ తన వేలే ముందు. రెండేళ్లలో పద్దెనిమిదివందల పేర్లు చేత్తో రాశాడు. 1998 వానల్లో అడవి జ్వరం తగిలింది, మెదడుకెక్కింది. మా దవాఖానాకు తెచ్చేసరికి మనిషికి తెలివి లేదు. స్లైడు మీద మలేరియా చూసింది నేనే. రెండో రోజు పోయాడు. ముప్ఫై రెండేళ్లు.

దినాలయ్యాక ద్వాలి ఆ లాంగ్‌బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "జ్వరమొచ్చిన్నాడే మీకే ఇయ్యమన్నడు సార్. మీరు ఆయనకు దేవుని లెక్క" అంది. నేను తీసుకున్నాను. కూర్చోమని కూడా అనలేకపోయాను.

మరుసటి ఏడు కొత్త కంప్యూటర్ వచ్చింది, కొత్త ఆపరేటర్ వచ్చాడు. మూడు నెలలకోసారి వైరస్‌ను పట్టే ఫ్లాపీ ఇప్పుడు అడక్కుండానే వస్తోంది. పుస్తకంలో పేర్లన్నీ ఎక్కించాక నేను సెలవు పెట్టి భద్రయ్య గూడేనికి పోయాను. రిటైరయ్యేలోపు ఒక్కరికైనా నిజం చెప్పాలనిపించింది.

బొజ్జయ్య ఎదురొచ్చాడు. నేను ఏమీ అడగకముందే, "నాది ఓ నెగెటివ్ సార్" అన్నాడు. వెనక ఆడుకుంటున్న పిల్లలు కూడా ఒక్కొక్కరే తమ గ్రూపు అరిచి చెప్పారు. తుల్సీరాం రెండోసారి వచ్చినప్పుడు అందరికీ నోటికి నేర్పించి పోయాడట. మీరే యాద్ పెట్టుకోవాలె, మిషిన్ను నమ్మి మరువొద్దు అన్నాడట. ఆ పిల్లల్లో జంపక్క కూతురు కూడా ఉంది. మూడేళ్ల పిల్ల. దానికి మాటలు సరిగ్గా రాకపోయినా గ్రూపు వచ్చు.

భద్రయ్య అరుగు మీద కూర్చున్నాను. మొత్తం చెప్పాను. ఫ్లాపీ, జాతకం, ద్వాలి పేరెత్తడం, బొజ్జయ్యను పొమ్మనడం.

"ఆయన నాకు అప్పుడే చెప్పిండు. తప్పు నా చేతులనే అయిందన్నడు. గీ అరుగు మీదనే కూసొని ఏడ్చిండు. నీ పేరు చెప్పలే" అన్నాడు భద్రయ్య.

"నా తప్పే పెద్దాయనా."

"ఆయనను ఎల్లగొట్టిననాడు నువ్వు ఆడ ఉన్నవా?"

"ఉన్నాను."

"మరి అప్పుడెందుకు నోరు లేవలే?"

ముసలాయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"నా బిడ్డ లేదు, ఆయన లేడు. నాకు చెప్తే ఏమొస్తది సార్? ఆయన ఇంటామె ఉన్నది గద. ఆమె మొగుడు తప్పు చేసిండనుకుంట బతుకుతున్నది. పోయి ఆమెకు చెప్పు" అన్నాడు.

బూర్గంపాడు నుంచి పెనుబల్లి పోవాలంటే కొత్తగూడెం మీదుగా తల్లాడ దాకా పోయి బస్సు మారాలి. ఇప్పటికి మూడుసార్లు బయల్దేరాను. మూడుసార్లూ తల్లాడ బస్టాండులో పెనుబల్లి బస్సు నా ముందే వచ్చి, నా ముందే పోయింది. నేను ఎక్కలేదు. ఆమె నన్ను దేవుడంటుంది, ఆమె ఒంట్లో ఉన్నది నా నెత్తురు.

అందుకని ఇదంతా కూర్చుని రాశాను. ద్వాలికి చదువు రాదని నాకు తెలుసు.